సాంబ్రాణి వేసిన ఆదివారాలు

పొద్దున్నుంచీ ఫోను మోగుతూనే ఉంది. మా యాప్రాల్ అపార్ట్‌మెంట్ల గ్రూపులో ఫోటోల మీద ఫోటోలు. వెనక బ్లాకు పక్కనున్న బాదం చెట్టెక్కి ఓ పిల్లి కూర్చుందట, నిన్న సాయంత్రం నుంచీ దిగడం లేదట. ఫైరింజనుకి ఫోన్ చెయ్యమని ఒకరు, దుప్పటి పట్టుకోమని ఇంకొకరు, ఎక్కినది దిగకపోతుందా అని మరొకరు. సలహాలకేం కొదవ! ఇంతలో ఈ మధ్యే అద్దెకొచ్చిన ఒకమ్మాయి అమాయకంగా అడిగింది: "ఎవరింట్లోనైనా చేపలున్నాయా? వాసనకి దిగుతుందేమో."

అంతే, అప్పటిదాకా టపటపా పడుతున్న మెసేజీలు ఆగిపోయాయి. మా బిల్డింగులో ఎవరింట్లో ఏం వండుకుంటారో లిఫ్టులో ఎక్కినవాళ్ళందరికీ తెలుసు. గ్రూపులో మాత్రం ఎవరూ ఒప్పుకోరు. ఫ్లాటు అద్దెకిచ్చేటప్పుడు 'అలాంటి వంటలు' కుదరవని ముందే చెప్పే ఓనర్లు అందులో చాలామందే ఉన్నారు. మా ఓనరు కూడా ఉన్నాడు.

నా వంటింటి పై అరలో, మూత గట్టిగా బిగించిన డబ్బాలో ఎండు మెత్తళ్ళున్నాయి. నేనూ ఏమీ రాయలేదు. బాల్కనీలో నిలబడి ఆ పిల్లిని చూస్తుంటే, ఎన్నో ఏళ్ళ కిందట ఇంకో చెట్టెక్కిన ఇంకో పిల్లి గుర్తొచ్చింది.

అప్పుడు మేం పద్మారావు నగర్‌లో ఒక పాత డాబా ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటావిడ ఒక్కతే. భర్త పోయాక ఇల్లూ అద్దెలూ తనే చూసుకునేది. ముందు గుమ్మం పక్కన నందివర్ధనం, వెనక పెరట్లో చేదబావి, బావి మీదికి వంగిన పెద్ద మునగచెట్టు. తెల్లారకముందే బావి గిలక కిర్రుమనే చప్పుడుకి నాకు మెలకువ వచ్చేది. కింద నుంచి ఆవిడ కాచే కాఫీ డికాక్షన్ వాసన మా మెట్ల దాకా వచ్చి ఆగేది. ఇప్పుడా ఇల్లూ లేదు, బావీ లేదు. ఆ మధ్య అటు వెళ్ళినప్పుడు చూస్తే ఆ స్థలంలో నాలుగంతస్తుల బిల్డింగు, దాని కింద కార్లు.

నాన్నకి ఈ ఊళ్ళో ఉద్యోగం దొరికాక విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళం మేము. మొదట బోయిన్‌పల్లిలో కూరగాయల మార్కెట్టు వెనక ఒకే గదిలో ఉన్నాం. వానొస్తే గోడలు చెమ్మగిల్లేవి, కుళ్ళిన క్యాబేజీ ఆకుల వాసన బట్టలకి పట్టేది. దగ్గుతో నేను రాత్రిళ్ళు పడుకునేదాన్ని కాదు. ఆ గదిలోంచి ఈ మేడమీదికి వచ్చాకే నా దగ్గు తగ్గింది. అందుకే ఈ ఇల్లంటే మా అమ్మకి దేవుడిచ్చిన వరం.

ఆ వరం మాత్రం ఒక అబద్ధం మీద నిలబడి ఉంది. ఇల్లు చూడ్డానికొచ్చిన రోజే ఇంటావిడ గుమ్మంలో నిలబడి చెప్పేసింది. "మాంసం, చేపలు, గుడ్డు, ఏవీ నా గేటు దాటి లోపలికి రాకూడదండీ. ఆ అలవాటుంటే ఇప్పుడే చెప్పండి, మొహమాటం వద్దు."

నాన్న, "మా ఇంట్లో ఆ అలవాటు లేదండీ" అనేశాడు. అమ్మ నేలకేసి చూసింది. నాన్నమ్మ మటుకు కొడుకుని ఎగాదిగా చూసి, మెట్లెక్కుతూ నా చెవిలో, "మీ బాబుకి పాలతో పాటు సేపల పులుసు ఒంటబట్టింది. అలవాటు లేదంట!" అంది.

సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి ఆవిడ. ముద్దలో చేప తగలకపోతే అన్నం తిన్నట్టుండదు ఆవిడకి. పచ్చి చేప తెచ్చుకునే ధైర్యం మాకెలాగూ లేదు. ఊరి నుంచి ఎవరొచ్చినా మెత్తళ్ళు తెచ్చేవాళ్ళు. చిటికెన వేలంత ఉండే ఎండుచేపలవి. వాటిని పాత చీర ముక్కలో మూటగట్టి, పాలపొడి డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని బియ్యం డ్రమ్ములో పాతిపెట్టేది అమ్మ. ఆదివారం మధ్యాహ్నం ఇంటావిడ గుడిలో భజనకి వెళ్ళేది. గేటు గొళ్ళెం పడిన చప్పుడు వినగానే మా ఇంట్లో హడావుడి మొదలయ్యేది. నేను కిటికీలు మూసేదాన్ని, మెత్తళ్ళ తలలు గిల్లేదాన్ని. నాన్నమ్మ కుంపటి మీద నిప్పులు చేసి ముందుగా గుప్పెడు సాంబ్రాణి వేసేది. ఇల్లంతా పొగ కమ్ముకున్నాకే పెనం పొయ్యెక్కేది. నూనెలో మెత్తళ్ళు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేగుతుంటే ఆ వాసనా సాంబ్రాణి వాసనా కలిసిపోయి, గుడిలో ఎవరో చేపల కూర వండుతున్నట్టు ఉండేది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా సాంబ్రాణి వేస్తే నాకు నోరూరుతుంది. ఎవరికైనా చెబితే నవ్వుతారు.

భజన నుంచి వచ్చాక ఇంటావిడ మెట్ల కింద నిలబడి గాలి పీల్చి మురిసిపోయేది. "ఏ ఇంట్లో చూశానమ్మా ఇంత నిష్ఠ! ఆదివారం వచ్చిందంటే సాంబ్రాణి వెయ్యకుండా ఉండరు."

అమ్మ పైనుంచి, "అంతా మా అత్తగారేనండీ" అనేది. అబద్ధం కూడా కాదది.

ఈ రహస్యంలో మాకు తోడు దొంగ ఇంటావిడ పిల్లే. తెల్లగా ఉండేది, తోక మాత్రం నలుపు. ఆవిడకి అది ప్రాణం. "నా తల్లి పెరుగన్నం తప్ప ముట్టదు, పూర్వజన్మలో ఏ తపస్సు చేసిందో" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ తపస్విని ఆదివారం సాంబ్రాణి పొగ లేవగానే మెట్ల మీద హాజరు. నాన్నమ్మ మోకాలికి ఒళ్ళు రాసుకుంటూ కూర్చుని, తన వాటా తిని, మీసాలు నాక్కునేది. కిందికి పంపేముందు తడిగుడ్డతో దాని మూతి తుడవడం నా పని. ఒకసారి అనుమానం తీరక కాస్త పౌడరు కూడా అద్దాను. అది తుమ్ముకుంటూ దిగిపోతే, పిల్లికి పడిశం పట్టిందని ఆవిడ కంగారు పడింది. నాన్నమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది.

అదంతా నవ్వులాటగానే నడిచిపోయింది, ఆ ఏడు బోనాల దాకా.

ఆ ఆదివారం మా సందులోంచి బోనాలు వెళుతున్నాయి. జనం ఎక్కువని ఇంటావిడ భజన మానుకుని ఇంట్లోనే ఉంది. సన్నగా తుంపర. వేపాకు, పసుపు, తడిమట్టి వాసన. డప్పులు మా గేటు ముందుకొచ్చేసరికి తీన్మార్ దరువుకి కిటికీ అద్దాలు అదిరాయి. గోడ మీద కునుకుతున్న పిల్లి ఎగిరిపడి, పెరట్లోకి పరిగెత్తి, ఎదురుగా కనిపించిన మునగచెట్టెక్కేసింది. డప్పులు వెళ్ళిపోయాక కూడా దిగలేదు. ఎక్కి ఎక్కి, సరిగ్గా బావి మీదికి చాచిన కొమ్మ చివర వేలాడినట్టు కూర్చుంది.

మునగ కొమ్మ సంగతి తెలిసిందే కదా, కాయలు కోసే కర్ర గట్టిగా తగిలినా విరుగుతుంది. అందులోనూ వానకి నాని ఉంది. మనిషెక్కడానికి లేదు, నిచ్చెన ఆనించడానికి లేదు. కింద నోరు తెరుచుకున్న బావి. ఆషాఢం వానలకి నీళ్ళు నల్లగా పైకొచ్చి ఉన్నాయి. పిల్లి అరుపు బావిలోకి దిగి మళ్ళీ పైకొస్తోంది.

"తల్లీ, రా తల్లీ" అంటూ ఇంటావిడ పాలగిన్నె పట్టుకుని బావి చుట్టూ తిరుగుతోంది. పెరుగన్నం కలిపి చూపించింది. పిల్లి కళ్ళు పెద్దవి చేసి చూసిందే తప్ప కదల్లేదు. నాన్న చేద వెయ్యడానికి సిద్ధంగా తాడు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ మెట్ల మీదే ఆగిపోయింది, అప్పటికి తనకి నెలలు నిండుతున్నాయి.

గోడవతల ఇంట్లో ఉండే, నేను అత్తమ్మ అని పిలిచే ఆవిడ చప్పుడు విని పీట వేసుకుని తొంగిచూసింది. బోనం ఎత్తి అప్పుడే వచ్చినట్టుంది, ముఖమంతా పసుపు. "అయ్యో, గిదేంది! గంత మీదికెట్ల ఎక్కింది? అందరు గిట్ల లొల్లి జేస్తే అది ఇంకా బెదురుతది. జెర ఊకోండ్రి" అంది. తర్వాత ఇంటావిడ వంక చూసి, "పరేషాన్ గాకు వదినా. మా ఇంట్ల మటన్ ఉడుకుతుంది. రెండు ముక్కలు తెస్తా, వాసనకు అదే దిగుతది" అంది.

తెమ్మనండి, తెమ్మనండి అని నేను మనసులో మొక్కుకున్నాను. ఇంటావిడ చెవులు మూసుకుంది. "రామ రామ! మటన్ ముక్క నా గోడ దాటడానికి వీల్లేదు. అయినా నా పిల్లి వాసన కూడా చూడదమ్మా!"

నేను నాన్నమ్మ వంక చూశాను. నాన్నమ్మ నాన్న వంక చూసింది. నాన్న బావిలోకి చూశాడు.

గాలి వీచింది. కొమ్మ మొదట్లో చిటుక్కుమని చిన్న చప్పుడు. పైప్రాణాలు పైనే పోయాయి నాకు. అప్పుడు తట్టింది. నాన్నమ్మ కొంగు లాగి చెవిలో, "సాంబ్రాణి వేస్తే?" అన్నాను. మెట్ల కింద ఎక్కడున్నా సరే, పొగ లేవగానే అది వచ్చేస్తుంది కదా. చేపల డబ్బా తియ్యక్కర్లేదు, మన గుట్టు మన దగ్గరే ఉంటుంది.

నాన్నమ్మ నా నెత్తి మీద చెయ్యి వేసి, ఇంటావిడతో గంభీరంగా, "దిష్టి తగిలినట్టుందమ్మా. సాంబ్రాణి ఏసి సూద్దామా?" అంది.

"వెయ్యండి పిన్నిగారూ, పుణ్యం ఉంటుంది! మీ చేతి నిష్ఠకైనా దిగుతుందేమో" అని ఆవిడే లోపలికి పరుగెత్తి, పండక్కి దాచుకున్న మంచి సాంబ్రాణి తెచ్చింది.

కుంపటి చెట్టు మొదట్లో పెట్టారు. తెల్లటి పొగ మునగాకుల్లోకి లేచింది. పిల్లి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ముక్కు ఎగబీల్చింది. మెల్లగా వెనక్కి తిరిగి, గోళ్ళు దిగేసి, ఒక్కొక్క అడుగే కిందికి జరిగింది. "చూశారా, దిగుతోంది! దైవభక్తి!" అని ఇంటావిడ చేతులు జోడించింది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

సగం దూరం వచ్చి అది ఆగిపోయింది. పొగలో ఏదో తక్కువైందని దానికి తెలిసిపోయింది. కుంపటి వంక చూసి గట్టిగా అరిచింది. ఇన్ని ఆదివారాల నుంచీ మేం దానికి నేర్పిన పాఠంలో రెండో ముక్క కోసం ఎదురుచూస్తోంది. కింద నుంచి పిలిచేకొద్దీ బెదిరి మళ్ళీ కొమ్మ మీదికి జరిగింది. ఈసారి చిటుకుమన్న చప్పుడు అందరికీ వినిపించింది. తెల్లగా చీలిక కనిపిస్తోంది.

ఇంటావిడ పాలగిన్నె కింద పెట్టేసి బావి గట్టు మీద కూలబడింది. "నాకు అదొక్కటే కదమ్మా ఇంట్లో పలికేది" అని ఏడ్చింది. అంత గట్టి మనిషి ఏడవగా నేను అప్పుడే చూశాను.

నాన్నమ్మ మెట్ల వైపు నడిచింది. నాన్నకి అర్థమైపోయింది. వెనకే వెళ్ళి గొంతు తగ్గించి, "అమ్మా, వద్దే. ఇది నిండు మనిషి, బయట చూస్తే వాన. ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం?" అన్నాడు.

"రేపు సంగతి రేపు సూద్దాం. అది నూతిలో పడి సచ్చిపోతే, ఈ మేడ మీద నానింక ముద్ద మింగగలనేట్రా? ఎదవ ఇల్లు! తప్పుకో."

మెట్ల మీదున్న అమ్మ పక్కకి జరిగి దారిచ్చింది. అమ్మ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. నాకు బోయిన్‌పల్లి గది గుర్తొచ్చింది, ఆ చెమ్మ గోడలు, రాత్రంతా దగ్గు. గొంతులో అప్పుడే గరగర మొదలైనట్టనిపించింది. నాన్నమ్మని ఆపాలనీ ఉంది, తొందరగా రమ్మని అరవాలనీ ఉంది.

నాన్నమ్మ డబ్బా, పెనం, నూనె గిన్నె పట్టుకుని దిగింది. కుంపటి మీద పెనం పెట్టింది. చీర ముక్క మూట విప్పి గుప్పెడు మెత్తళ్ళు నూనెలో వేసింది. సుయ్యిమంది. ఆ వాసన పెరడంతా, గోడవతల దాకా కమ్ముకుంది. కిటికీలు లేవు, తలుపులు లేవు, దాచుకోవడానికి ఏమీ లేదు.

"వాహ్, ఏం వాసన పెద్దమ్మా! ఇన్ని దినాల సంది మీ ఇంట్లకెళ్ళి వచ్చే వాసన గిదేనా?" అంది గోడ మీంచి అత్తమ్మ. పాపం, మమ్మల్ని పట్టివ్వాలని కాదు, ఆవిడకేం తెలుసు?

పిల్లి ఇక ఆగలేదు. గబగబా దిగి, కొమ్మ మొదలు దాకా వచ్చి, గిలక వేలాడే అడ్డకర్ర మీదికి దూకింది. దాని కాలి తాకిడికి కొమ్మ ఫెళ్ళున విరిగి, ఆకులూ కాయలతో సహా బావిలో పడింది. నీళ్ళు గట్టు దాటి నా కాళ్ళ మీద చింది చల్లగా తగిలాయి. పిల్లి అడ్డకర్ర మీంచి గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీదికి దిగి, ఎవరినీ చూడకుండా నేరుగా నాన్నమ్మ దగ్గరికెళ్ళి మోకాలికి ఒళ్ళు రాసుకుంది. ఆదివారాలు కూర్చునే తీరులోనే కూర్చుని, చేప కోసం మూతి చాచింది. నాన్నమ్మ ఊది చల్లార్చి పెట్టింది. అది తింది.

ఇంటావిడ కళ్ళు తుడుచుకుంటూ చూస్తోంది. పిల్లిని చూసింది, డబ్బాని చూసింది, సాంబ్రాణి పొగని చూసింది. "దీనికిది కొత్త కాదు" అంది మెల్లగా. పిల్లిని ఎత్తుకోకుండానే లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్న పెరడంతా పసుపునీళ్ళతో కడిగించింది. మాతో మాటల్లేవు. అమ్మ నీళ్ళు తోడుకోవడానికి వెళితే లోపలికి వెళ్ళిపోయేది. నాన్న ఆఫీసు అవగానే ఇళ్ళు వెతకడానికి తిరిగేవాడు, చెప్పులకి బురదతో చీకటిపడ్డాక వచ్చేవాడు. "దొరికిందా?" అని అమ్మ అడిగేది కాదు, చెప్పులు చూసి ఊరుకునేది. గేటు చప్పుడైతే చాలు, ఖాళీ చెయ్యమని చెప్పడానికే వస్తోందని కిటికీలోంచి తొంగిచూసేదాన్ని. వంటింట్లో గిన్నె జారినా అందరం ఉలిక్కిపడేవాళ్ళం. నాన్నమ్మ ఒక్కర్తే రోజూ మామూలుగా ముక్కు పొడుం పీల్చుకుంటూ కూర్చుంది. కానీ పడుకున్నాక పక్క మీద ఇటూ అటూ దొర్లడం నాకు తెలుస్తూనే ఉండేది.

ఆదివారం వచ్చింది. కుంపటి వెలగలేదు. పెరుగన్నం కలుపుకుని ఎవరి కంచం వాళ్ళు చూసుకుంటున్నాం. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మేం వచ్చాక ఇంటావిడ ఒక్కసారి కూడా పైకి ఎక్కలేదు. గుమ్మంలో నిలబడింది, భజనకి వెళ్ళే పట్టుచీరలో. చంకలో పిల్లి. నాన్న ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"అబద్ధమాడి నా ఇంట్లో చేరారు. ఆ కోపం నాకు పోలేదు, పోదు కూడా" అంది.

నాన్న తల దించుకున్నాడు.

"ఇది వారం నుంచీ నా పెరుగన్నం సరిగ్గా తినట్లేదు. పొద్దున్నుంచీ మీ మెట్ల మీదే కూర్చుంది." పిల్లిని మా గుమ్మంలో దించింది. అది నేరుగా వెళ్ళి చల్లటి కుంపటి పక్కన కూర్చుంది. ఆవిడ దాన్ని కాసేపు చూసి, మొహం పక్కకి తిప్పుకుని అడిగింది. "ఈ వేళ సాంబ్రాణి వెయ్యలేదేం?"

నాన్నమ్మ కుంపటి ముందుకి లాక్కుంటూ, "ఏస్తాం అమ్మా" అంది.

"నేను తిరిగొచ్చేసరికి ఏ వాసనా ఉండకూడదు. కిటికీలు బాగా మూసుకోండి." రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి తిరిగింది. "పిన్నిగారూ, దానికి ముళ్ళు తీసి పెట్టండి. గొంతులో అడ్డం పడుతుంది."

గేటు గొళ్ళెం పడ్డాక నాన్నమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "పిచ్చితల్లి. మెత్తళ్ళకి ముళ్ళేటే, నమిలితే పోతాయి." అయినా ఆ రోజు నుంచీ పిల్లి వాటా వేళ్ళతో నలిపి, వెతికి వెతికి పెట్టేది.

మా తమ్ముడు ఆ ఇంట్లోనే పుట్టాడు. తమ్ముడికి మొదటి పాలు పట్టించింది, నీళ్ళు పోసింది ఇంటావిడే. చేపల మాట మాత్రం మా ఇద్దరిళ్ళ మధ్య మళ్ళీ ఎన్నడూ రాలేదు. ఆదివారాలు ఆవిడ భజనకి వెళ్ళేది, మేం కిటికీలు మూసి సాంబ్రాణి వేసేవాళ్ళం. తనకి తెలుసని మాకు తెలుసు. అయినా పొగ వెయ్యడం మానలేదు. అది ఆవిడ కోసం మేం ఉంచిన మర్యాద.

నాన్నమ్మ పోయి ఎన్నో ఏళ్ళు. అంత భయంలో, చేతిలో డబ్బాతో మెట్లు దిగిన ఆవిడ నడక మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. ఆవిడకీ భయం వేసే ఉంటుందని నాకు ఈ వయసులో తెలుస్తోంది.

ఫోను మళ్ళీ చూశాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న కింద ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు. చదివినవాళ్ళు మాత్రం చాలామందే ఉన్నారు. "మా ఇంట్లో మెత్తళ్ళున్నాయి. వేయించి తెస్తున్నాను" అని పెట్టాను.

పై అరలోంచి డబ్బా దింపి, కిటికీలన్నీ బార్లా తెరిచి, పెనం పెట్టాను. సాంబ్రాణి వెయ్యలేదు. నూనె సుయ్యిమంది. వాసన బాల్కనీ దాటి వెళ్ళింది. అక్కడ బాదం కొమ్మ మీద ఆ పిల్లి ఇటు తల తిప్పింది.